బావ చేతి కింద స్క్రీన్

మా అక్క భర్తకి పక్షవాతం వచ్చి మాట పోయింది. బావ స్టీల్ ప్లాంటులో ఫిట్టరు, నాకు సీనియరు. మిషన్ల హోరులో కూడా అవతలి చివరకి వినబడే గొంతు ఆయనది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. అక్క ఫోన్ చేసేసరికి నేను షిఫ్టుకి బయల్దేరుతున్నాను. ఏడుపు రాలేదు. సెలవు కావాలంటే ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. ఆ తర్వాత చాలా నెలలు అలాగే ఉన్నాను, చెప్పింది చేస్తూ, పెట్టింది తింటూ.

బావని ఆసుపత్రి నుంచి కూర్మన్నపాలెంలో ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక సంగతి చెప్పాడు. మాట రాకపోవడం వేరు, ఎదటివాళ్ళు అన్నది అర్థం కాకపోవడం వేరు, ఈయనకి అర్థమవడం కూడా పోయిందేమో మెల్లగా కనిపెట్టాలి అన్నాడు. అక్కకి పట్టుకున్న బెంగ అదే.

"లోపల మనిసి ఉన్నాడా లేడా, అదొక్కటీ తేల్చి సెప్పురా నాకు. మిగతాది నాను సూసుకుంతాను" అంది.

నాకు ఎలక్ట్రానిక్స్ పిచ్చి. పెందుర్తిలో మా ఇంటి వెనక గదిలో బట్టల కంటే వైర్లే ఎక్కువ. ఆన్‌లైన్లో ఒక చవక రకం టచ్‌స్క్రీన్ తెప్పించి, దాని మీద ఎనిమిది గళ్ళు పెట్టాను: నీళ్ళు, టీ, ఫ్యాను, నొప్పి, బాత్రూమ్, ఇలా రా, అవును, కాదు. ఏ గడి నొక్కితే ఆ మాట చిన్న స్పీకర్లోంచి నా గొంతుతో వస్తుంది. రికార్డు చేసేటప్పుడు రేడియోలో వార్తలు చదివేవాడిలా చదివాను, ఎందుకో తెలీదు. ఇనప రేకు కోసి పెట్టె చేసి, స్క్రీన్ని అందులో కూర్చోబెట్టి, నాలుగు మూలలా స్క్రూలు బిగించాను. బల్ల మీద పెట్టి ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటీ తప్పు పలకలేదు.

బావ ముందు పెట్టాం. ఆయన బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి నొక్కాడు.

"నీళ్ళు కావాలి" అంది పెట్టె.

అక్క పరిగెత్తి నీళ్ళు తెచ్చింది. బావ మొహం తిప్పేసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. నీళ్ళు కావాలి. నొప్పిగా ఉందా అని అడిగితే నీళ్ళు కావాలి. నేను నీ బావమరిదినేనా అంటే నీళ్ళు కావాలి.

రెండు వారాలు తిరిగాను. స్క్రీన్‌కి ఎక్కడ నొక్కుతున్నామో నేర్పే కాలిబ్రేషన్ మళ్ళీ చేశాను. రిబ్బన్ కేబుల్ మార్చాను. అడాప్టర్ మార్చాను. ప్రోగ్రామ్ సగం చెరిపి కొత్తగా రాశాను. ఏదీ కుదరకపోతే సముద్రపు గాలిని తిట్టాను, ఈ ఊళ్ళో తుప్పుకి అదొకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ప్రతిసారీ నా వేలి కింద బాగానే పనిచేసేది, బావ చేతికి ఇస్తే నీళ్ళు అనేది. చివరికి ఒక సాయంత్రం విసుగొచ్చింది. బ్రేక్‌డౌన్ రిపోర్టు చెప్పినట్టు, ఆయన మంచం పక్కనే నిలబడి అక్కకి చెప్పాను.

"స్క్రీన్ బాగానే ఉందక్కా. బుర్రే పన్జెయ్యట్లేదు. లోపల ఎవులూ లేరు."

అక్క వంటింట్లోకి వెళ్ళింది. బావ తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. నేను పెట్టె సంచిలో వేసుకుని బస్సెక్కాను. బాధపడాలని తెలుసు. కిటికీ పక్క సీటు దొరికింది, కూర్చున్నాను.

ఆ ఆదివారం, స్క్రీన్ ఊడదీసి దాంతో డిజిటల్ గడియారం చేసుకుందామని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. కరెంటు తియ్యలేదు. స్క్రూడ్రైవర్ కోసం కుడి చెయ్యి చాపితే, ఎడమ అరచెయ్యి పెట్టె మూల మీద ఆనింది.

"నీళ్ళు కావాలి" అంది నా గొంతు.

గాజుని నేను ముట్టుకోలేదు. చెయ్యి తీసి మళ్ళీ ఆనించాను. నీళ్ళు కావాలి. ఆ మూల స్క్రూ సగం చుట్టు వదులు చేసి ఆనించాను. ఏమీ అనలేదు.

ప్లాంటులో బోల్టు బిగించాక ఇంకో పావు చుట్టు తిప్పాలి. వదులైన బోల్టు మొత్తం లైను ఆపేస్తుంది. వీపు మీద చరిచి మరీ ఆ పావు చుట్టు నాకు నేర్పింది బావే. కందిగింజంత స్క్రూలకి కూడా నేను అదే చేశాను. రేకు అంచు స్క్రీన్ మీద కూర్చుంది. కాస్త బరువు పడితే చాలు, మూలనున్న నీళ్ళ గడిని అదే నొక్కేస్తోంది. నేను ఎప్పుడూ ఒక్క వేలితో పొడిచి చూశాను. మంచాన పడ్డ నీరసానికి బావ చెయ్యి ఎక్కువసేపు గాల్లో నిలవదు, అరచెయ్యి మూల మీద ఆనించి వేలు చాపుతాడు. రెండు వారాల్లో ఒక్కసారి కూడా నేను ఆయన వేలు చూడలేదు, స్క్రీన్నే చూశాను.

సిగ్గు పడాలి. చెవులు మాత్రం వేడెక్కాయి. అంచు ఆకురాయితో అరగదీసి, కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి, స్క్రూలు చేత్తో తిప్పి వదిలేశాను. అరచెయ్యి ఆనించి ఎనిమిది గళ్ళూ చూసుకుని బయల్దేరాను.

అక్క మంచం మీద కూర్చుంది. బావ చెయ్యి ఆనించి వేలు చాపాడు.

"ఇది పెందుర్తా బావా?"

"కాదు."

"మా అక్క నీ పెళ్ళామేనా?"

"అవును."

"నీకంటే నాను మంచి ఫిట్టర్నా?"

"కాదు" అని వెంటనే నొక్కాడు. అక్క నవ్వబోయి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. "ఉన్నాడ్రా. లోపలే ఉన్నాడు" అంటూ ఆయన కాలు పట్టుకుని ఊపేసింది.

అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేకపోయాను.

"ఆ రోజు నానన్నది ఇన్నావా బావా?"

"అవును" అంది పెట్టె, వార్తలు చదివే నా గొంతుతోనే.

"కోపంగా ఉందా?"

ఆయన వేలు అవునుకీ కాదుకీ మధ్య ఆగింది. నా మొహంలోకి చూశాడు. చూసి, చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టుకున్నాడు. అక్క కొంచెంసేపు ఎదురుచూసి పెట్టె మీదకి వంగింది.

"మల్లీ ఆగిపోనాదేటిరా?"

"లేదక్కా" అన్నాను. "బాగానే పన్జేస్తంది."