మావయ్య కాచిన చేదు

"మీ మావయ్య పోయారే," అని మండపేట నుంచి అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేనింకా పక్క దిగలేదు. గుండె ఆగిపోయిందట. ఏడుస్తూనే, "నిన్ననే సీసాల్లో పోసి మూతలు బిగించుకున్నారు. రుచైనా చూసుకోలేదు," అంది. ఆ మాటకు నాకూ ఏడుపు ఆగలేదు.

మీలో ఎవరూ మా మావయ్యను ఎరగరు. రైస్ మిల్లులో బాయిలర్ చూసినవాడు. మధ్యలో బెంగళూరు వెళ్ళి, సొంతంగా బీరు తయారుచేసే ఓ హోటల్లో కొన్నేళ్ళు పనిచేసి, పేల్ ఏల్ అనే చేదుబీరు మీద మనసు పారేసుకుని తిరిగొచ్చాడు. పెరట్లో పెద్ద గిన్నె పెట్టి కాస్తుంటే వీధిలోవాళ్ళు సారా అనుకున్నారు. "సారా కాదండి, బార్లీ జావ," అనేవాడు నవ్వకుండా.

మొదటిసారి నిజంగానే జావ అయింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అలవాటు కొద్దీ, ధాన్యం ఆడించినట్టు మిల్లులో పొట్టు తీయించేశాడు. వేడినీళ్ళలో నానబెట్టి గిన్నెకున్న కుళాయి తిప్పితే చుక్క దిగలేదు. అంతా అడుగున ముద్దకట్టింది. బార్లీ సారం దిగిన తియ్యటి నీళ్ళను వడకట్టాల్సింది పొట్టేనట. "జన్మంతా ఊక ఊదేసిన చేతులు కదా! బియ్యానికి ఊక బరువు, బీరుకి ఊకే జల్లెడ," అని తనమీద తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత గింజ పగిలీ పగలనట్టు, పీటేసుకుని కూర్చుని తిరగలి తనే తిప్పేవాడు. నేను గింజలు పోసేదాన్ని.

చేదు కోసం హాప్స్ అనే ఎండుపువ్వులు పార్సిల్లో తెప్పించేవాడు. మరుగుతున్నప్పుడు కొన్ని, చల్లారాక కొన్ని వేసేవాడు. బత్తాయి తొక్క గిల్లినట్టు ఇల్లంతా వాసన. అత్తయ్య ముక్కు మూసుకుని, "వేపపువ్వు కషాయం," అనేది. "ఉగాదికి నువ్వు పెట్టేదేంటే మరి? ఒక్క గుక్క చూడు," అని ప్రతిసారీ గ్లాసు చాపేవాడు. ఆవిడ ఒక్కసారీ అందుకోలేదు.

ఆవిడ వింటుండగానే నాతో, "ఈ వాసన నిలవుండేది కాదమ్మా. తాజాగా తాగెయ్యాలి. దాచుకుంటే ఉత్త చేదే మిగులుతుంది," అనేవాడు.

పెద్దకర్మ నాడు ఆకులో ఆయనకిష్టమైనవన్నీ వడ్డించి, పక్కన ఓ గ్లాసుడు బీరు పెట్టారు. మిగతా సీసాలు బంధువులు పంచుకున్నారు. ఒక్కటి మాత్రం అత్తయ్య ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక దాచేసింది. ఎవరడిగినా ఇవ్వలేదు. అది తెరిస్తే ఆయన చేతిపని ఇంకేమీ మిగలదని ఆవిడ భయం. తెరవకపోతే వాసన పోతుందని నా బాధ. ఆయన లేని ఆ ఇంటికి చాలా రోజులు వెళ్ళలేదు.

మొన్న వెళ్తే ఆవిడే సీసా తెచ్చింది. "వాసన పోతుందనేవారు కదే," అంటూ మూత తీసి, ఆయన స్టీలు గ్లాసు వంచి పోసింది. వాసన చూసి, "ఆయన చొక్కాలన్నీ ఇదే వాసన," అంది. ఒక గుక్క తాగింది. తిరగలి పక్కనున్న పీట వైపు చూసి, "చేదుగానే ఉందండీ," అంది.

ఇంకో గుక్క తాగింది. పైపెదవి మీద నురగ అంటుకుంది. తుడుచుకోలేదు.