ఫ్రెంచి సుందరికి నా వీపు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర, అమెరికాలో ఎవరు ఏ పని చెప్పినా కాదనకూడదని నాకొక గట్టి నమ్మకం. ఒహాయోలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తూ, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సిరాలు కలిపే పార్ట్‌టైమ్ పనికి కుదిరాను. అక్కడి ప్రొఫెసరమ్మకి నేను పెట్టుకున్న పేరు రాళ్ల మేడమ్. అప్పటికి వందేళ్ల కిందట ఫ్రాన్సులో చిత్రకారులు సున్నపురాతి మీద జిడ్డు సిరా పూసి, గుడ్డతో తుడిచి, బ్లేడుతో గీకి, స్నానాలాడే ఆడవాళ్ల బొమ్మలు ఎలా అచ్చువేశారో తనూ చేసి చూడాలని ఆవిడ పట్టుదల. (తడిపిన రాతి మీద సిరా జిడ్డున్నచోటే అంటుకుంటుంది. నా చదువు అక్కడ పనికొచ్చింది అంతవరకే.)

ఒకరోజు మంచు కురిసి మోడల్ అమ్మాయి రాలేదు. మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, "షర్ట్ తీసి అటు తిరిగి కూర్చో. నాకు వీపు చాలు" అంది. తలకి టవల్ చుట్టింది. రెండు గంటలు వణుకుతూ ఫ్రెంచి సుందరిగా కూర్చున్నాను.

వసంతంలో ఆ బొమ్మని 'స్నానానంతరం స్త్రీ' అని పేరుపెట్టి ఎగ్జిబిషన్‌లో తగిలించారు. ఇండియా నుంచి వచ్చి మూడు వారాలే అయిన మా ఆవిడని తీసుకెళ్లాను. అడిగినదానికి జవాబు తప్ప తను ఇంకా నాతో మాట్లాడని రోజులవి. అక్కడ తగిలిన మా ఊరి తెలుగు డాక్టరుగారు సరిగ్గా ఆ బొమ్మ ముందే నిలబడి, "చూశావుటోయ్ ఆ వంపు! ఫ్రెంచి ఆడవాళ్లకే సాధ్యం!" అన్నారు. వినయంగా తలూపాను. మా ఆవిడ మాత్రం బొమ్మని చాలాసేపు చూసింది.

పార్కింగ్ లాట్‌లో కారెక్కాక అడిగింది. "ఏవండీ, అది మీరే కదూ?"

"ఛఛ! ఆడమనిషని కింద రాసుంటేనూ! అయినా నా పుట్టుమచ్చ ఎడమవైపు, దానికి కుడివైపు." (రాతి మీది బొమ్మ కాగితం మీద ఎడమ కుడై తిరగబడుతుందని ఆమెకి తెలియదని నా ధీమా.)

"మచ్చ సంగతి నాకు తెలీదు. ఎవరో కోప్పడతారేమో అన్నట్టు ఒక భుజం పైకెత్తి కూర్చోవడం మాత్రం మీదే" అంది. తర్వాత తనే, "వచ్చినప్పట్నుంచీ మీ ముఖం చూడాలంటే సిగ్గేసి, వీపే చూస్తున్నాను" అని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. అమెరికా వచ్చాక అదే మొదటిసారి.

నేనేమో చెవులు కాలిపోతూ, స్టీరింగ్‌నే చూస్తూ, "డాక్టరుగారికి చెప్పకేం" అని బతిమాలుకున్నాను. ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడి పక్కన ఇప్పుడు ఒక్క నిమిషం కూర్చునే వీలుంటే చెప్పేవాణ్ణి: ఓరి పిచ్చివాడా, డాక్టరుగారి గొడవెందుకు, ముందు ఆ నవ్వు చూడరా అని.