నిలబడగలిగే గుడారం

నేను ముహూర్తం చూడకుండా పెళ్ళి చేసుకున్నాను. కొత్త ఇంట్లో పాలు పొంగించలేదు. కారు కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనివ్వలేదు. ఇలాంటి నిర్ణయాలన్నీ చిటికెలో తీసుకున్న నాకు ఒక గుడ్డ గుడారం కొనడానికి చలికాలం మొదటినుంచి మిరప కోతలు అయిపోయేదాకా పట్టింది. పంచాంగం చూసి కొనేవాడైతే ఈలోపు నాలుగు కొని ఉండేవాడు.

ఆలస్యానికి కారణం నేను ఆధారాలు సేకరించడం. హేతువాది ఆధారం లేకుండా అడుగు వేయడు కదా. ఫోన్లో వీడియోలు చూశాను. ఎవరెవరో ఎర్ర ముక్కులతో, ఉన్ని టోపీలతో, మంచులో మేకులు దిగ్గొడుతూ ఏ గుడారం ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పేవాళ్ళు. నేను ఫ్యాను కింద బనీనుతో కూర్చుని, చెమట తుడుచుకుంటూ, అన్నిట్లోకీ వెచ్చనిదాన్ని ఎంచుకునే పనిలో ఉండేవాణ్ణి. మంచులో సైతం చలి తగలనివ్వని సంచీ పరుపులను కూడా కొనబోయాను. మా అమ్మాయి చూసి, "నాన్నా, ఇందులో పడుకుంటే మనం ఉడికిపోతాం" అంది. అది ఏడో తరగతి చదువుతోంది. దాని వాదనలో లోపం కనబడలేదు.

ఈ గుడారం కోరిక దానిదే. క్లాసులో ఎవరో అమ్మాయి కుటుంబంతో కొండల్లోకి వెళ్ళి గుడారంలో పడుకుని వచ్చిందట. మాది చిలకలూరిపేటలో హైవే పక్క ఇల్లు. జిన్నింగు మిల్లు ఆగితే లారీల హారన్లు వినబడతాయి, లారీలు ఆగితే మిల్లు వినబడుతుంది. ఏమీ వినబడని చోట ఒక్క రాత్రి పడుకోవాలని దాని ఆశ. "నేను, నువ్వు, అమ్మ, అమ్మమ్మ. నలుగురం" అని ముందే షరతు పెట్టింది. "అమ్మ రాకపోతే నేనూ రాను."

చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఆవిడ రానంది.

మా ఆవిడ గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళది దర్శి వైపు పల్లె. చిన్నప్పుడు ఏటా మిరప కోతలకి అమ్మానాన్నలు గిన్నెలు, బియ్యం మూట కట్టుకుని ఇటు మెట్ట పొలాలకి వలస వచ్చేవాళ్ళు. రైతు చూపించిన గట్టు మీద నాలుగు కర్రలు పాతి, పైన పరదా పట్టా కప్పి, కోతలు అయ్యేదాకా అందులోనే ఉండేవాళ్ళు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎంత బాగా తెలుసంటే, కులం గురించీ కూలి గురించీ మాట్లాడిన సభల్లో దీన్ని ఉదాహరణగా చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆ పట్టా కింద ఎలా ఉండేదని ఆమెను అడగడం మాత్రం ఎప్పుడూ అవసరపడలేదు. ఉపన్యాసానికి అది లేకుండానే సరిపోయేది.

"కుటుంబం అప్పుడప్పుడూ ప్రకృతిలో గడపాలి. అది మనసుకి..." అని మొదలుపెట్టాను.

"నేను గడిపాను. ఏడాదికోసారి బడి మానేసి గడిపాను" అంది.

"అది వేరు. అది బలవంతం. ఇది స్వేచ్ఛగా ఎంచుకోవడం."

"పట్టాకి ఆ తేడా తెలుస్తుందా?"

మా అత్తగారు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ఆవిడ మా దగ్గరే ఉంటుంది. ఈ వ్యవహారంలో అందరికంటే ఉత్సాహం ఆవిడకే. "ఏమయ్యా అల్లుడా, కూలి లేకుండా గుడిసెలో పండుకోవటానికి డబ్బులిచ్చి మరీ పోతారా జనం?" అని అడిగింది. అవునన్నాను. చాలాసేపు నవ్వింది. "అయితే నేనూ వస్తా. ఆ సోద్యం చూడాలి" అంది.

ఆవిడ కూతురు మాత్రం కదల్లేదు.

వీడియోల్లో తేలనిది వీధిలో తేలుతుందేమోనని మా పేటలో టెంట్ హౌస్ నడిపే ఆయన్ని అడిగాను. "ఎన్ని కుర్చీలు సార్? శుభమా, అశుభమా?" అన్నాడు. రెండూ కాదు, క్యాంపింగ్ అన్నాను. "కంటి క్యాంపా?" అన్నాడు. మా ప్రాంతంలో మనిషి గుడ్డ కప్పు కిందికి పోవడానికి ఒప్పుకున్న కారణాలు మూడే: పెళ్ళి, చావు, ఉచిత వైద్యం. నాలుగోది వివరించబోతే ఆయన జాలిగా చూశాడు.

చివరికి గుంటూరు వెళ్ళాం. స్కూలు బ్యాగులు, క్రికెట్ బ్యాట్లు అమ్మే కొట్లో పై అంతస్తులో గుడారాలు ఉన్నాయని తెలిసింది. ఊరికే చూడటానికని మా ఆవిడను కూడా లాక్కెళ్ళాను. అత్తగారు మెట్లెక్కలేనని కింద కారులో కూర్చుంది. కొట్టాయన చురుకైన మనిషి. నేలమీద పరిచి, రెండు కడ్డీలు దూర్చి క్షణంలో లేపాడు. నేను ఆధారాలతో ఎంచుకున్నది అదే. తేలిక. పొట్టి. గాలికి తొణకదు.

"ముగ్గురు హాయిగా, నలుగురు సర్దుకుని" అన్నాడు కొట్టాయన.

మా అమ్మాయి పాకుతూ లోపలికి పోయింది. దాని వెనకే, ఏమనుకుందో, మా ఆవిడ కూడా చెప్పులు వదిలి మోకాళ్ళ మీద వెళ్ళింది. తర్వాత మోకాళ్ళ మీదే బయటికొచ్చి, రేగిన జుట్టు సర్దుకుంటూ, "ఇందులో చీర ఎట్టా కట్టుకుంటారు?" అని అడిగింది.

"క్యాంపింగ్‌కి చీరెందుకు మేడమ్? అందరూ ట్రాక్ ప్యాంట్లే వేసుకుంటారు."

"మా అమ్మ వేసుకోదు."

నేను కల్పించుకున్నాను. "ఒక్క రాత్రే కదా. పొద్దున్నే కారులోకి వెళ్ళి..."

"కారులో కట్టుకుంటుందా? ఏదీ, మీరు ఒకసారి కట్టి చూపించండి."

పెళ్ళినాడే ఇద్దరం ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకోవాలని నలుగురి ముందూ ప్రకటించిన దంపతులం మేము. ఆమె నన్ను మీరు అన్నదంటే కోపం వచ్చినట్టు.

ఆమె కొట్టాయన వైపు తిరిగి చెప్పింది. నా వైపు చూడలేదు. పట్టా గాలికి ఎగిరిపోకుండా కిందికి దించి కట్టేవాళ్ళట. అందులో మనిషి నిలబడటానికి వీల్లేదు. బయట చుట్టూ మగవాళ్ళు, పక్క గుడిసెలు. కోతలున్నన్ని రోజులూ వాళ్ళమ్మ చీర కూర్చునే కట్టుకునేది. కుచ్చిళ్ళు కుదిరేవి కావు. రోడ్డు మీద చేలకి నడిచిపోతుంటే ఆ ఊరి ఆడవాళ్ళు, చీర కట్టుకోవడం కూడా రాదు వీళ్ళకి అని నవ్వేవాళ్ళట.

"నేల గట్టిగా ఉంటే నాకేం కాదు. పురుగు పాకినా ఊరుకుంటా" అంది. "మా అమ్మ మళ్ళీ వంగి ఉండటం నేను చూడను. నిలబడగలిగేది ఉంటే చెప్పండి, వస్తాను. లేకపోతే వీళ్ళిద్దరూ పోతారు."

నా ఉపన్యాసంలో ఈ ముక్క ఎప్పుడూ లేదు.

కొట్టాయన లోపలికి వెళ్ళి పెద్ద మూట ఒకటి ఈడ్చుకొచ్చాడు. అది నాకు తెలుసు. చూసిన ప్రతి వీడియోలోనూ దాన్ని తిట్టారు. బరువు, కడ్డీలెక్కువ, ఎత్తు మూలంగా గాలికి ఆగదు. ఇవన్నీ వరసగా చెప్పాను.

"ఆ వీడియోల్లో ఎవరైనా అత్తగారిని తీసుకెళ్ళారా?" అంది మా ఆవిడ.

గుర్తు తెచ్చుకున్నాను. అందరూ ఒంటరి మగవాళ్ళే, ఒకరిద్దరి పక్కన కుక్క ఉంది. నా ఆధారాల్లో అత్తగారు లేదు.

పెద్దదే కొన్నాం. దాంతోపాటు నాలుగు చాపల్లాంటి పరుపులు, దీపం, చిన్న గ్యాసు పొయ్యి. "ఇది గాలికి పడిపోయిందా, ఇంక జన్మలో నన్ను అడగొద్దు" అని మా ఆవిడ మెట్ల మీదే చెప్పింది.

ఇంటికొచ్చి డాబా మీద ఒకసారి వేసి చూశాం. సిమెంటులో మేకులు దిగవు కాబట్టి మూలలకి నీళ్ళ క్యాన్లు కట్టాం. ఎదురింటి ఆయన కింది నుంచి, "ఏం సార్, అమ్మాయి ఫంక్షనా? మాకు చెప్పనే లేదే!" అని అరిచాడు. అంతలో ఒంగోలు నుంచి మా అక్క ఫోను. ఆమె సంప్రదాయస్తురాలు, నా సిద్ధాంతాలను నా ఆరోగ్య సమస్యగా భావించి ఓపికపడుతుంది. "వాకిలి తూర్పుకి పెట్టరా, సరేనా?" అంది. నేను గుడారానికి వాస్తు ఏమిటని అరిచాను. పక్కన మా అత్తగారు, "ప్రార్థన చెయ్యకుండా కొత్త దాంట్లో ఎట్టా పండుకుంటారు? గుడారాల సంగతి మా పాస్టరుగారు ఎంత బాగా చెబుతారో" అంది. మా అక్కకీ మా అత్తగారికీ మతాలు వేరు, మాటలు తక్కువ. నా గుడ్డ గుడారం విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. ఏ తంతూ జరగదని ఇద్దరికీ ప్రకటించాను.

వేటపాలెం దగ్గర ఒక మిత్రుడికి జీడిమామిడి తోట ఉంది. సముద్రం హోరు వినబడేంత దూరం. ఎండ పూర్తిగా ముదరకముందే ఒక శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. అక్కడ అంతా ఇసుక. నేను మేకు కొడితే దిగింది. చెయ్యి తీస్తే లేచింది.

"మీ నాన్న ఎలా పాతేవాడు?" అని మా ఆవిడను అడిగాను.

"నాకేం తెలుసు? అప్పటికి నేను చిన్నపిల్లని. అయినా అది నల్లరేగడి."

అత్తగారిని అడిగితే, "ఆయనే కట్టేవాడు, నేను వంట చూసుకునేదాన్ని" అంది. సభల్లో నేను చెప్పే శ్రామిక విజ్ఞానం ఆ పూట ఎవరి దగ్గరా దొరకలేదు. ఒక తాడు కారుకి, రెండు తాళ్ళు జీడి చెట్లకి కట్టి ఎలాగో నిలబెట్టాం.

వాకిలి నేను పడమటికి పెట్టాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం సిద్ధంగా లేదు. తూర్పు కాకపోతే చాలు. కాసేపట్లో సూర్యుడు సరిగ్గా వాకిట్లోకి దిగి గుడారాన్ని పెనం చేశాడు. వెనకనుంచి సముద్రపు గాలి గోడను గుద్దుతుంటే కడ్డీలు మూలిగాయి. మా ఆవిడ కడ్డీల వంక చూసి తర్వాత నా వంక చూసింది.

"నాన్నా, గాలి సముద్రం నుంచి కదా వచ్చేది. సముద్రం తూర్పున ఉంది కదా" అంది మా అమ్మాయి.

"మీ అక్క చెప్పిందని తూర్పుకి పెడితే అది మూఢనమ్మకం" అంది మా ఆవిడ. "మీ అక్క చెప్పిందని పడమటికి పెడితే దాన్నేమంటారు?"

తాళ్ళు విప్పాను. తూర్పుకి తిప్పి, వాకిలినీ, వెనక కిటికీనీ తెరిచాక గాలి ఇటు వచ్చి అటు పోయింది. గోడలు కొంచెం నెమ్మదించాయి. మా అక్కకి ఫోను చేసి చెప్పవలసిన అవసరం లేదని నిర్ణయించాను.

తిప్పేటప్పుడు ఒక మూల తాడు నా చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా ఆ సమయం చూసుకుని అత్తగారు కొంగు తలమీదికి లాక్కుని ప్రార్థన మొదలుపెట్టింది. తాడు వదిలితే గుడారం పోతుంది. పట్టుకుని నిలబడితే ప్రార్థనలో ఉన్నట్టే. బరువుకి నా తల కూడా వంగింది. ఆవిడ మమ్మల్నందరినీ పేరుపేరునా చెప్పి, కడ్డీలనూ తాళ్ళనూ కూడా దేవుడికి అప్పజెప్పి, ఈ అల్లుడి కళ్ళు తెరిపించమని కోరి, చివరగా ఆమెన్ అంది. మా అమ్మాయి ఫొటో తీసింది. నా పాఠకుల్లో ఎవరికైనా అది చేరితే, అది తాడని దయచేసి గమనించాలి.

రాత్రంతా గుడారం గుడ్డ టపటపలాడుతూనే ఉంది. జిన్నింగు మిల్లు కంటే ఎక్కువ చప్పుడు. ఏమీ వినబడని చోటు కోరుకున్న మా అమ్మాయి మాత్రం హాయిగా నిద్రపోయింది. మా ఆవిడ పడుకుని కప్పు వైపే చూస్తూ ఉంది. పడిపోతుందేమోనని ఆమె చూస్తోందని, నేనూ చూశాను. పడలేదు.

తెల్లవారింది. నేను బయట పొయ్యి దగ్గర కూర్చుని, గాలికి ఆరిపోతున్న మంటను అట్టముక్క అడ్డం పెట్టి కాపాడుతున్నాను. మా అమ్మాయి జీడి చెట్టెక్కి కూర్చుంది. గుడారం జిప్పు వేసి ఉంది. లోపల తల్లీకూతుళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"అమ్మా, కూర్చున్నావేంటి?"

"చీర మార్చుకుంటన్నా."

"కూర్చునా? లే."

"ఏందో, గుడ్డ కింద ఉంటే అట్టాగే వచ్చింది."

"లేచి కట్టుకోమ్మా. తల తగలదు."

పొయ్యి ఆరిపోయింది, నేను వెలిగించలేదు. గుడారం కప్పు మీద, లోపలివైపు నుంచి, ఐదు వేళ్ళ గుర్తు పైకి లేచింది. మెల్లగా అటూ ఇటూ తడిమింది. ఇంకొంచెం పైకి నెట్టి చూసి, దిగిపోయింది.

"ఇంతెత్తు దేనికే? గాలికి లేచిపోద్ది."

"పోతే పోనీ. కుచ్చిళ్ళు నేను పెడతాను, కదలకు."