దేవమ్మ అడగని గెలుపు

మా ఎదురింటి దేవమ్మకు ఈ లోకంలో ఒక్క మనిషి మీదే కుళ్లు. ఆ మనిషి గోడకు అవతలే ఉంటుంది. పేరు రాహేలమ్మ, దేవమ్మకు తోటికోడలు, పెద్దామె. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు నడుమ లేపిన గోడ పలుచనిది. అందులో రెండిళ్లకూ వెలుగు పడేలా ఒక దీపం గూడు వదిలారు. మనసులు విరిగాక దేవమ్మ తన వైపు నుంచి ఆ గూటికి రేకు అడ్డం పెట్టింది. రేకు వెలుగును ఆపింది గాని మాటలను ఆపలేదు.

దేవమ్మ పుట్టిల్లు దౌల్తాబాద్ వైపు. బంట్వారం దగ్గరి మా ఊరికి ఆమె కోడలిగా వచ్చేనాటికే రాహేలమ్మ ఆ ఇంట్లో పాతుకుపోయింది. చదువుకున్నది కూడా. ఆదివారం చర్చిలో బైబిలు ఆమె చదవాలి, దేవమ్మ వినాలి. ఇద్దరూ ఒకే చేనులో కలుపు తీసినా మామ మెచ్చుకునేది పెద్దకోడలి సాలునే. భర్త పోయాక దేవమ్మ కంది చేలల్లో కూలి చేసింది. తాండూరులో కొన్నాళ్లు పాలిష్ బండలు మోసింది. చివరికి ఊళ్లో అంగన్‌వాడీ ఆయాగా కుదురుకుంది. వీటిలో ఏదీ ఆమె చెప్పుకునే కష్టం కాదు. చెప్పుకునేది ఒక్కటే: పెద్దసారు నీళ్లు తాగిన దినం తాను ఇంట్లో లేకపోవడం.

పెద్దసారంటే మా పార్లమెంటు సభ్యుడు. ఢిల్లీలో మంత్రిగా చేసినవాడు, దేశమంతా ఎరిగినవాడు. మొదటిసారి ఓట్లడగడానికి వచ్చినప్పుడు వానలు పడుతున్నాయి. సరిగ్గా ఈ రెండిళ్ల ముందు ఆయన జీపు నల్లరేగడి బురదలో దిగబడింది. జనం దాన్ని తోస్తుంటే ఆయన దాహమని గడప దగ్గరికి వచ్చాడు. దేవమ్మ ఇంటికి తాళం ఉంది, ఆమె కలుపుకు పోయింది. రాహేలమ్మ జ్వరం వచ్చి ఇంట్లో పడుకుని ఉంది. లేచి నీళ్లిచ్చింది. ఇచ్చి ఊరుకోక, ఆయన తల మీద చేయి పెట్టి, గెలిపించమని ప్రభువును అడిగింది. ఆయన గెలిచాడు.

అప్పటినుంచి ప్రతి ఎన్నికలో, నామినేషన్ వేసే పొద్దున ఆయన దారి ఒకటే. అనంతగిరిలో పద్మనాభస్వామి దర్శనం, వికారాబాదులో దర్గా, ఆ తర్వాత రాహేలమ్మ చేయి. ప్రతిసారీ గెలిచాడు. రాహేలమ్మ చేతికి గుణముందని చుట్టుపక్కల పేరు పడింది. బోరు వేయించేవాళ్లు వచ్చేవారు, పరీక్షలకు పోయే పిల్లలను తల్లులు తీసుకొచ్చేవారు. రేకు ఇవతల కూర్చుని బియ్యం ఏరుకుంటూ దేవమ్మ ఆ ప్రార్థనలన్నీ విన్నది. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. ఆ చేతిలో ఏముందో మాత్రం ఆమెకు అర్థం కాలేదు.

పేపరు చదివించుకోవడానికి మా అరుగు మీదికి వచ్చినప్పుడల్లా, పెద్దసారు పేరు వినబడగానే నన్ను ఆపి అదే మాట అనేది.

“గా దినం నేను కలుపుకు పోకుంటె గాయన నా ఇంట్లనే తాగుతుండె సారూ. నా కుండ నీళ్లు ఇంకా సల్లగుంటయి.”

ఈసారి ఎన్నికలు వచ్చేసరికి రాహేలమ్మ ఊళ్లో లేదు. కంట్లో పొర తీయించుకుని, తాండూరులో కూతురు జ్యోతిరాణి ఇంట్లో కళ్లు కదపకుండా పడుకుని ఉంది. నామినేషన్ నాటికి వచ్చేద్దామనుకుందట. కానీ ముహూర్తం బాగుందని పార్టీవాళ్లు ఒక రోజు ముందుకు జరిపారు. పొద్దున్నే కార్లు వచ్చి ఆగేసరికి రాహేలమ్మ తలుపుకు తాళం. మా ఊళ్లో పార్టీ పనులు చూసే రాజేందర్‌కు చెమటలు పట్టాయి. తాండూరుకు పోయి రావడానికి సమయం లేదు, ప్రార్థన లేకుండా పోతే అపశకునం. పెద్దసారు తాళాన్ని చూస్తూ నిలబడ్డాడు. పక్క గడపలోంచి దేవమ్మ మాట వినబడింది.

“నేను లేనా?”

అప్పటికే ఆమె ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, మంచం మీద దుప్పటి పరిచి ఉంది. ఎప్పుడు సిద్ధమైందో ఎవరూ చూడలేదు. ఆయన వంగి లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు మోకాళ్లు పట్టుకుని మూలిగాడు. రాజేందర్ ఫోన్ తీసి వీడియో పట్టాడు.

ఆ క్షణంలో తన మనసులో ఏముందో దేవమ్మ తర్వాత నాకు చెప్పింది. రాహేలమ్మ ప్రార్థన మొత్తం నాలుక చివర ఉంది. కానీ అందులోంచి ఒక్క మాట కూడా తన నోట రాకూడదు. ‘గెలిపించు’ అనేది రాహేలమ్మ మాట, ‘శత్రువుల ఎదుట భోజనము సిద్ధపరచుదువు’ అనేది రాహేలమ్మ బైబిల్లోంచి ఎప్పుడూ చదివే వాక్యం. తనదంటూ వేరే ఉండాలి. చేయి ఆయన తల మీద పెట్టాక, వేళ్ల కింద జుట్టు పలుచగా, నెత్తి వేడిగా తగిలింది. నోటికొచ్చింది అన్నది.

“ప్రభువా, గీ అయ్య మస్తు తిరిగిండు. మోకాళ్లు గుంజుతున్నయి గాయనకు. జర ఆరాం ఇయ్యి తండ్రీ. ఇంట్ల నలుగుర్ల కూసోని ఇంత బువ్వ తిననియ్యి. ఆమేన్.”

అందరూ ఆమేన్ అన్నారు. పెద్దసారు కొంచెంసేపు కళ్లు తెరవలేదు. తర్వాత లేచి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఏం అడిగిందో, ఏం అడగలేదో ఆ తొందరలో ఎవరికీ తట్టలేదు.

ఫలితాలు వచ్చేదాకా దేవమ్మ నడకే మారిపోయింది. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పెడుతూ కూడా కుడిచేతిని కొత్తగా చూసుకునేది. రాహేలమ్మ నల్ల కళ్లద్దాలతో తాండూరు నుంచి తిరిగొచ్చింది. తన మంచం బదులు పక్కింటి మంచం మీద ఆయన కూర్చున్నాడని విని లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ సాయంత్రం గూటి అవతల నుంచి గిన్నెలు విసిరినట్లు చప్పుడైందట. దేవమ్మ నాకు ఆ చప్పుడు గురించి ఎంత ఇష్టంగా చెప్పిందో, పండగ భోజనం గురించి కూడా అంత ఇష్టంగా ఎవరూ చెప్పరు.

లెక్కింపు రోజు ఆమె మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చుంది. పొద్దున పెద్దసారు వెనకబడ్డాడన్నారు. మధ్యాహ్నానికి ఇంకా వెనకబడ్డాడు. “ఇంక మిషన్లు ఉన్నయి గద సారూ” అని అడుగుతూ పోయింది. సాయంత్రం ఆయన ఓటమిని ఒప్పుకున్నట్లు చెప్పారు. దేవమ్మ కుడిచేతిని కొంగులో చుట్టుకుని లేచి పోయింది.

మర్నాడు మందుల కోసం వికారాబాదు పోయాను. స్టేషన్ దగ్గర ముర్తుజా హోటల్లో ఎప్పుడూ ఉండే పెద్దసారు ఫోటో గోడ మీద లేదు. తీసేశాడేమో అనుకున్నాను. ముర్తుజా దాన్ని గల్లా పక్కన పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచి, అదే మేకుకు మళ్లీ తగిలించాడు. ఒక బల్ల దగ్గర ముసలాయన కళ్లు ఒత్తుకుంటుంటే, పక్క బల్లవాళ్లు ఇన్నేండ్లు పదవిలో ఉండి ఇంకా ఏం కావాలని నవ్వుతున్నారు. తాండూరులో బండల షెడ్ల దగ్గర పటాకులు కాల్చారని, మా రాతిదుమ్ముకు ఆయన ఏం చేసిండని అడిగారని బస్సులో చెప్పుకున్నారు. ఎవరి లెక్క వారికుంది.

మా ఊళ్లో లెక్క అంతా దేవమ్మ మీద తేలింది. రాజేందర్ కోపంలో ఆ వీడియోను పార్టీ గ్రూపులో పెట్టాడు. అక్కడినుంచి అది అన్ని ఫోన్లలోకీ ఎక్కింది. జనం ఒకటికి రెండుసార్లు విన్నారు. ముసలాయనకు ఆరాం ఇయ్యమన్నది, ఇంట్లో కూర్చోబెట్టమన్నది, దేవుడు అలాగే చేశాడు. గెలిచిన పార్టీవాడు బీరప్ప లడ్డూల డబ్బా పట్టుకుని ఆమె గడప ముందు నిలబడ్డాడు.

“నీ దేవుడు మస్తు వింటడు పెద్దమ్మా. మా తరఫున గూడ నువ్వే పని జేసినవ్.”

ఆమె డబ్బా ముట్టలేదు. బీరప్ప దాన్ని అరుగు మీద పెట్టి పోతే పొద్దుగూకేసరికి చీమలు పట్టాయి. అవమానం అక్కడితో ఆగి ఉంటే ఓర్చుకునేది. గోడ అవతల రాహేలమ్మ ఎవరితోనో అన్న మాట రేకులోంచి వచ్చింది: “గెలుపు అడగాలె అని గూడ తెల్వదు. నేనుంటె గాయన ఓడుతుండెనా.” బోరు వేయించేవాళ్లు ఎప్పటిలాగే రాహేలమ్మ గడపకే పోయారు. దేవమ్మ మా అరుగు మీదికి రావడం మానేసింది. ఒకసారి నేనే పలకరిస్తే, ఆయన ఇంక ఈ వాకిట్లోకి వస్తాడా సారూ అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను.

కందులు విత్తే రోజుల్లో ఆయన వచ్చాడు. జెండాలు లేవు, ఒక్కటే కారు. రాజేందర్ కూడా రాలేదు. కారు చప్పుడు వినగానే దేవమ్మ గడపలోకి వచ్చింది. లోపల దుప్పటి పరిచిన మంచం నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన మెల్లగా దిగి, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ కాళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయాడు. రాహేలమ్మ ఇంట్లోకి పోయాడు. దేవమ్మ అలాగే నిలబడి, తర్వాత తలుపు దగ్గరికేసుకుంది.

ఆ తర్వాతి సంగతి తోటికోడళ్లిద్దరూ వేరువేరుగా చెప్పారు గాని తేడా లేదు. రాహేలమ్మ నల్ల కళ్లద్దాలు సర్దుకుని, ఆయన తల మీద చేయి పెట్టి, వచ్చే ఎన్నికలో గెలిపించమని మొదలుపెట్టబోయింది. ఆయన ఆపాడు.

“గెలుపు వద్దమ్మా. మొన్న మీ చెల్లె అడిగిందే అడుగు.”

ఇవతల దేవమ్మ రేకుకు చెవి ఆనించింది. అవతల నుంచి అయిష్టంగా, తడుముకుంటూ, తన మాటలు వినబడ్డాయి. “తండ్రీ, గీ అయ్యకు జర ఆరాం ఇయ్యి. ఇంట్ల నలుగుర్ల కూసోని ఇంత బువ్వ తిననియ్యి...” రాహేలమ్మ ఆమేన్ అనేలోగా రేకు కిందపడిన చప్పుడు మా ఇంటిదాకా వచ్చింది. అవతలివాళ్లకు గూట్లోంచి దేవమ్మ ముఖం కనిపించింది.

“మోకాళ్లు ఇడిసిపెట్టినవ్ అక్కా.”

పెద్దసారు నవ్వాడో లేదో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. రాహేలమ్మ మాత్రం, చేయి ఆయన తల మీదినుంచి తీయకుండానే, “గయి నువ్వే చెప్పు మరి” అన్నదట. దేవమ్మ గూట్లోంచే మోకాళ్ల సంగతి ప్రభువుకు చెప్పింది. కొంచెం గట్టిగానే చెప్పింది, వీధిలోకి వినబడింది.

రేకు మళ్లీ పెట్టలేదు. మొన్న పేపరు చదివించుకోవడానికి వచ్చినప్పుడు, ఇక ఇద్దరూ కలిసిపోయినట్లేనా అని అడిగాను. దేవమ్మ నా వైపు అదోలా చూసింది.

“నా మాటలు ఎత్తుకున్నది సారూ. ఎత్తుకున్నది గూడ సక్కగ చెప్పరాదు ఆమెకు.”

అని, కుడిచేయి ఒళ్లో పెట్టుకుని, చదవమంది.