పాటకు తోడు

సాయంత్రం పాలు కాచి, గోరువెచ్చగా చల్లారాక చెంచాడు తోడు వేసి గిన్నె మీద మూత పెడతాను. ఆ వేళకే పక్క గదిలో ఉన్న నల్ల డబ్బాను కూడా ఆన్ చేస్తాను. పాట వెంటనే రాదు. ముందు లోపలి హార్డ్ డిస్కు నిద్ర లేవాలి. పిల్లి గుర్రుపెట్టినట్టు సన్నని చప్పుడొకటి మొదలవుతుంది, ఫ్యాను ఆపితే తప్ప వినపడదు. కాగిన పాల వాసన, ఆ గుర్రు ఒకదానిలో ఒకటి కలిసే ఆ కాసేపు సంగప్ప కాక నా వెనక ఎక్కడో కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. నేను వెనక్కి తిరగను. తిరిగితే ఉండడని తెలుసు.

నారాయణఖేడ్‌లో మా ఇంటికీ కాక ఇంటికీ ఒకటే గోడ. చుట్టరికమేమీ లేదు, పుట్టినప్పటి నుంచి బాబాయి వరసగా కాక అని పిలవడమే. నాగల్‌గిద్ద వైపు వాళ్లకు కందిచేలు ఉండేవి. అన్నదమ్ములు ట్రాక్టర్లు కొంటే ఈయన స్పీకర్లు కొన్నాడు. ఊళ్లో పాటల సంగప్ప అనేవాళ్లు. ఆ పేరులో కొంత వెక్కిరింపు ఉండేది, ఆయన మాత్రం బిరుదు ఇచ్చినట్టు తల ఊపేవాడు. నేను బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడుపుతాను. దరఖాస్తులు నింపడం, ప్రింట్లు తీయడం. పాట అంటే నాకు పని చేస్తున్నప్పుడు వెనక మోగేది, అంతే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాక గోడ మీద తట్టి పిలిచాడు. వెళ్లేసరికి బల్ల మీద ఈ నల్ల డబ్బా. హైదరాబాద్ నుంచి తెప్పించాడు. దాని పేరు మ్యూజిక్ సర్వర్ అనీ, తన క్యాసెట్లూ సీడీలూ అన్నీ ఇందులోని హార్డ్ డిస్కులోకి ఎక్కించాలనీ, అది నా వల్లే అవుతుందనీ చెప్పాడు. ఆయన భార్య నీలమ్మ చిన్నమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"మీ కాక సర్వర్‌ను తెచ్చిండంట బిడ్డా. జర రెండు చాయ్ తెమ్మను," అన్నది.

హోటల్లో చాయ్ అందించే సర్వర్ తప్ప ఇంకో సర్వర్ ఉంటాడని మా వీధిలో మిగతా ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు ఆ డబ్బా మొరాయించినా చిన్నమ్మ "సర్వర్ కోపానికొచ్చిండు" అనేది.

వైర్లన్నీ తగిలించి లేవబోతుంటే కాక ఆపాడు. "కూసో. ఏం పని చెయ్యకు. ఉత్తగ కూసోని ఇను."

ఏ పనీ చేయకుండా పాట వినడం నాకు అదే మొదటిసారి. మొదట చిరాకేసింది. షాపులో జనం ఎదురు చూస్తుంటారు. కాక కిటికీ పరదా లాగాడు. సందులోంచి ఎండ ఒక గీతలా నేల మీద పడింది, అందులో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. పాడే మనిషి నోరు తెరవడానికి ముందు గాలి పీల్చుకున్న చప్పుడు వినపడింది. ఆ ఊపిరి ఈ గదిలోనే, నా మోకాళ్లకు దగ్గరగా ఎవరో తీసుకున్నట్టుంది. తబలా మీద వేలు తీసేశాక కూడా చర్మం కాసేపు మోగుతూనే ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచేసరికి ఎండ గీత గోడ మీదికి పాకింది. మర్నాడు షాపులో ఒక ముసలాయన తన పేరు చెబుతుంటే, ఎప్పటిలా సగంలో టైపు కొట్టేయకుండా, చెప్పేదాకా ఆగాను.

పాటలన్నీ ఎక్కించాక ఒక మాట చెప్పాను. డిస్కు లోపల తిరిగే వస్తువు, తిరిగేది ఎప్పుడో ఆగుతుంది, ఇంకొక డిస్కులో కాపీ ఉండాల్సిందే అని. కాక ముఖం వాడిపోయింది. వంటింట్లోంచి చిన్నమ్మ అందుకుంది.

"తోడు పెట్టుకొమ్మంటున్నది బిడ్డ. గంతేగద. మొన్న మన పెరుగు ఖరాబైతే వీళ్లింటి తోడు దెచ్చిన. వీళ్లింట్ల ఉన్నది ముందుగాల మనదే."

కాక నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి కాపీ అన్న మాట మా మధ్య పోయింది, తోడే మిగిలింది. ఆ తోడును ఇంట్లో పెట్టుకోవడానికీ ఒప్పుకోలేదు. పెరుగు చెడితే పక్కింట్లో ఉన్న తోడే కదా అక్కరకొచ్చేది అన్నాడు. మనూర్‌లో ఆయనతో భజనలో కూర్చునే మాణిక్ అనే రైతుకు అలాంటిదే ఇంకో డబ్బా కొనిచ్చి అందులో పెట్టించాడు. అప్పుడప్పుడు నేను మనూర్ వెళ్లి కొత్త పాటలు చేర్చి వచ్చేదాన్ని.

ఆయన్ని ఏడిపించడం నాకు సరదా. "కాకా, లోకంల ఉన్న పాటలన్నీ ఇగ ఫోన్లనే వస్తున్నయి. ముందుముందు నీ డబ్బా ఎవలుంచుకుంటరు?"

"ఫోన్ల పాట కిరాయిల్లు బిడ్డా. మంచిగనే ఉంటది. ఎన్నడు ఖాళీ జెయ్యమంటరో తెల్వది. గిది నా ఇల్లు, చిన్నదైనా."

ఆయన మాట సగమే నిజమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఫోనులో పాట ఇప్పుడు బాగానే వినిపిస్తోంది. కానీ ఏ ఫోనులోనూ దొరకని పాట ఒకటి ఆ డబ్బాలో ఉంది.

ఒక పొద్దున చిన్నమ్మ వసారాలో కందిపప్పు ఏరుతూ, తన పుట్టినింటి జోల పాట కూనిరాగం తీస్తోంది. ఆమెది సరిహద్దు అవతల ఊరు, పాటలో సగం కన్నడం. కాక చప్పుడు చేయకుండా రికార్డర్ తెచ్చి చేట పక్కన పెట్టాడు. ఆమె చూసి ఆగింది. "గిది ఎవలింటరు?" అన్నది. "ఎవలో ఒకలింటరు. నువ్వు పాడు," అన్నాడు. ఆ మాటలు, చేటలో పప్పు గలగల, గాజులు, దూరంగా ఒక ఆటో హారన్, అన్నీ అందులో పడ్డాయి. అనవసరమైన చప్పుళ్లు కోసేస్తానంటే కాక ఒప్పుకోలేదు.

తర్వాత వానాకాలంలో చిన్నమ్మ పోయింది. దవాఖానలో రెండు పొద్దులు కూడా ఉండలేదు. కాక ఏడ్వడం నేను చూడలేదు. రోజూ సందె వేళకు గోడ అవతల నుంచి ఆ పాట మాత్రం వినపడేది. అది అయ్యేదాకా మా అమ్మ గిన్నెలు కూడా కడిగేది కాదు.

ఒక రోజు పాట రాలేదు. గోడకు చెవి ఆనించాను. టిక్కు, టిక్కు అని చప్పుడు. మర్నాడు పొద్దున్నే కాక డిస్కును తువ్వాలలో చుట్టుకుని షాపుకు తెచ్చాడు. నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. అది లేవలేదు.

"పాటలన్నీ పోనీ బిడ్డా," అన్నాడు. "గా ఒక్కటి."

మనూర్ డబ్బాలో నేను ఆఖరుసారి పాటలు చేర్చింది ఆ రికార్డింగుకు ముందా, తర్వాతా? ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. రికార్డర్ ఎప్పుడో పాడైంది. మాణిక్‌కు ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో పనిలో ఉన్నాడు. ఇంట్లో కోడలుంది, వెళ్లి చూసుకోమన్నాడు. కొత్త డిస్కు, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కాం. దారి పొడవునా జొన్నచేలు గాలికి ఒకే వైపు వంగుతున్నాయి.

ఆ ఇంట్లో దూలానికి చీర ఉయ్యాల. అందులో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కోడలి పేరు లక్ష్మి. "జర ఆగుండ్రి, పిల్లను పండవెట్టి వస్త. కూసోండ్రి," అని వెళ్లి డబ్బా మీట నొక్కింది. సన్నగా గుర్రు. ఆ తర్వాత చేటలో పప్పు గలగల.

"గిది ఎవలింటరు?" అన్నది చిన్నమ్మ.

పాట ఇంకా మొదలే కాలేదు, ఆ గొంతుకే పిల్ల ఏడుపు ఆపింది.

"గీ అవ్వ ఎవలో గాని, గీమె పాడకుంటే మా పిల్ల పండుకోదు," అన్నది లక్ష్మి.

నేను నోరు తెరవబోయాను. కాక నా చెయ్యి పట్టుకున్నాడు. పాట అయ్యేదాకా వదల్లేదు. ఉయ్యాల ఊగడం తగ్గుతూ తగ్గుతూ ఆగింది. చీర గుండా పిల్ల చిన్న పాదం కనపడుతోంది. కాక దాన్నే చూస్తూ, కళ్లు తుడుచుకోకుండానే, "మాకు జర తోడు పెట్టియ్యి బిడ్డా," అన్నాడు.

లక్ష్మి వంటింట్లోకి వెళ్లి చిన్న గిన్నెలో పెరుగు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

నాకు నవ్వు ఆగలేదు. పిల్ల లేస్తుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాక మాత్రం ఎంతో మర్యాదగా రెండు చేతులా అందుకున్నాడు. మాకు కావాల్సింది పాటల తోడని చెప్పి డిస్కు కాపీకి పెడితే అది మధ్యాహ్నమంతా సాగింది. మాణిక్ అంతకు ముందే తన భజనలు కూడా అందులో చేర్చుకున్నాడు, అవీ మాతో వచ్చాయి. తిరుగు ఆటోలో డిస్కు నా ఒళ్లో, పెరుగు గిన్నె అరచెయ్యి మూతతో కాక ఒళ్లో. అందులో సగం మా అమ్మకిచ్చాడు. పాడిన ఆమె ఎవరో లక్ష్మికి ఎందుకు చెప్పనియ్యలేదని నేను అడిగితే, "గా పిల్లకు ఆమె అవ్వనే గద," అన్నాడు.

కాక ఇప్పుడు లేడు. పోయేముందు ఈ డబ్బా నాకిచ్చాడు. ఇలాంటివి ముందుముందు ఎవరైనా తయారు చేస్తారో లేదో నాకు తెలియదు. ఈ డిస్కు కూడా ఒక రోజు టిక్కుమంటుంది. ఆ భయం నాకు లేదు. దీని తోడు మనూర్‌లో ఉంది, సిర్గాపూర్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో ఉంది, అడిగినవాళ్లకు ఇస్తూనే ఉన్నాను. గిన్నెలో పెరుగు కూడా ఆ రోజు మనూర్ నుంచి వచ్చిన తోడుదే.

మూత పెట్టి, చేతులు తుడుచుకుని, ఏ పనీ లేకుండా కూర్చుంటాను. గుర్రు వెంట చేట గలగల మొదలవుతుంది. చిన్నమ్మ రోజూ అడిగే మాటే అడుగుతుంది, "గిది ఎవలింటరు?"

"నేనింటున్న చిన్నమ్మా," అంటాను. "నువ్వు పాడు."