వాకర్ అనే పేరు వెనక

మొన్న ఆదివారం మా ఇంగ్లీషు సారు ఫలక్‌నుమాలో, తన ఇంట్లోనే పోయారు. నాతో పదో తరగతి చదివినవాడు ఫోన్ చేశాడు. "వాకర్, మన సార్ పోయిండురా. మట్టికి వస్తవా?" ముప్ఫై ఏళ్లయినా వాడి నోటికి నా అసలు పేరు రాదు. వెళ్లి, పిడికెడు మట్టి వేసి వచ్చాను.

ఆ పేరు సారు పెట్టిందే. రోజూ పాఠానికి ముందు బోర్డు మూలన ఒక ఇంగ్లీషు ఇంటిపేరు రాసి, దాని పుట్టుక చెప్పేవారు. "పేరును గీకితే కింద పని కనవడ్తది" అనేది ఆయన మాట. స్మిత్ అంటే కమ్మరి. కూపర్ అంటే పీపాలు చేసేవాడు. సిమెంటు సంచి కాగితం అట్ట వేసిన లావు డిక్షనరీ ఆయన దగ్గర ఉండేది. ఇంటర్వెల్లో దాన్ని నా చేతికిచ్చేవారు. ఇంగ్లీషంటే నాకు భయం పోయింది ఆయన వల్లే. అది మరిచిపోలేదు.

ఒకరోజు వాకర్ అని రాశారు. నడిచేవాడనుకున్నాం. కాదన్నారు. పాతకాలం ఇంగ్లండులో నేసిన ఉన్నిబట్టను తొట్టిలో వేసి, నిలవ మూత్రం పోసి, కాళ్లతో తొక్కి చిక్కబరిచేవాళ్లట. అలా తొక్కేవాడు వాకర్.

"మన క్లాసుల గూడ ఒక వాకర్ ఉన్నడు" అని నావైపు చూశారు.

మా బాపు కార్వాన్‌లో ఫంక్షన్ హాళ్ల జంపఖానాలను సిమెంటు హౌజులో వేసి, తొక్కి ఉతికేవాడు. సబ్బు నీళ్లలోనే. ఆ ముక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.

"ఏం వాకర్, మీ హౌజు నింపేది నువ్వా, మీ అమ్మనా?" అన్నవాడి పన్ను రాలగొట్టాను. సారు నన్ను వారం రోజులు గుమ్మం బయట నిలబెట్టారు. పరీక్షలు దగ్గరపడ్డాయి. బాపు బడికి వచ్చాడు.

"సార్, పిలగాన్ని లోపలికి రానియ్యుండ్రి. పది పాసైతే నా లెక్క నీళ్లల్ల నిలబడడు."

"రానిస్త. నువ్వెట్ల తొక్కుతవో పిల్లలకు ఒక్కసారి చూపెట్టు. చూస్తే మరువరు."

"గిక్కడ్నా సార్? నీళ్లు లేవు గద."

"ఉత్తగనే."

బాపు చెప్పులు విడిచి, లుంగీ పైకి మడిచి కట్టాడు. గోడ పట్టుకుని, ఎండుబండల మీద తొక్కడం మొదలుపెట్టాడు. క్లాసు విరగబడి నవ్వింది. సారు నవ్వలేదు. కళ్లజోడు సవరించుకుని ఆ పాదాలనే శ్రద్ధగా చూశారు. "మడమ చూడుండ్రి, మడమ. గదీ వాకర్ అంటే" అన్నారు. ఆ మొహంలో ఎగతాళి లేదు. పుస్తకంలో చదివింది కళ్లముందు కనిపించిన సంతోషం ఉంది. ఆయన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

తర్వాత నన్ను రమ్మని చెయ్యి ఊపారు. వచ్చి బెంచి మీద కూర్చుని పుస్తకం తెరిచాను. సారు బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు. బాపును ఆపమని ఎవరూ చెప్పలేదు. తొక్కుతూనే ఉన్నాడు.