మాస్టారి మాట నమ్మి సెప్పిన పాఠం

టీచరు ట్రైనింగులో నన్ను ఒడిశాలోని మునిగుడ దగ్గర ఒక బడికి పంపేరు. ఐదు తరగతులకీ హెడ్మాస్టారు ఒక్కడే. శ్రీకాకుళం వైపు మనిషి. మాది గుణుపురం అనగానే "ఓలమ్మీ, మనోళ్ళ పిల్లవా! ఇంక నాకు బెంగ లేదు" అన్నాడు. నేనూ పొంగిపోయేను.

రూలు ప్రకారం నేను పాఠం సెప్తుంటే ఆయన ఎనకాల కూకుని సూడాలి, తప్పులుంటే దిద్దాలి. ఒక్కనాడు కూకుంటే ఒట్టు! తరగతులన్నీ నాకొదిలేసి, బ్లాకాఫీసులో పనుందని బండెక్కీవోడు.

అక్కడి పిల్లగుంటలు ఇంట్లో కుయి బాసే మాటాడతారు. ఒడియాలో లెక్కలు సెప్తే గుడ్లప్పగించి సూసీవోరు. ఏటి సెయ్యనని మాస్టారినే అడిగేను.

"కుయిలోనే సెప్పమ్మీ. బుర్రకెక్కాలి గానీ ఏ బాసైతే ఏటి? ఎవులైనా అడిగితే నేనున్నాను కదా" అన్నాడు.

మనోడు కదా, నమ్మేను. బడిలో అన్నం వండే అమ్మ దగ్గర కుయి నేర్సుకున్నాను. ఆళ్ళమ్మలు సంతకి తెచ్చే సింతపండు ముద్దని నాలుగు పాళ్ళు సేయించి, పావు, అర అంటే ఏటో సెప్పేను. ఎంత బాగా అందుకున్నారో! నాకు బలే సరదాగా ఉండీది.

ఆఖరి పాఠం సూసి మార్కులెయ్యడానికి మా ట్రైనింగు కాలేజీ మేడం వచ్చింది. అది తప్పితే ఆ ఏడాది సదువంతా ఏట్లో కలిసినట్టే. నేను సింతపండు ముద్ద తీసి కుయిలో మొదలెట్టేను. గుంటలు పోటీలు పడి సేతులెత్తేరు. మేడం మొకం మాడిపోయింది.

"పాఠం ఒడియాలో సెప్పాలని నీకెవరూ సెప్పలేదా?"

నేను మాస్టారి వైపు సూసేను. ఆయన ఒక్క మాటంటే సాలు.

"మొదట్నుంచీ సెప్తానే ఉన్నాను మేడం. ఈ కాలం పిల్లలు ఇంటారా?" అన్నాడు.

నమ్మించి గొంతు కోసేడు, అదీ నా గుంటల ముందు. అబద్ధమని అరవబోతే ఏడుపొచ్చేసింది. మేడం నేను తప్పినట్టు రాసేసి, పై ఏడాది మళ్ళీ రమ్మని ఎల్లిపోయింది.

తప్పినా సరే, ఆ బడిలో ట్రైనింగు ఇంకా కొన్నాళ్ళుంది. మర్నాడు బడికెళ్తే మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చేడు. "అమ్మీ, నాకు బ్లాకులో పనుంది. ఐదు తరగతులూ సూసుకో."

"ఏ బాసలో సెప్పమంటారు మాస్టారూ?" అనడిగేను.

"అదేటి అలాగడుగుతావు? కుయిలోనే సెప్పు. ఆళ్ళకింకేటి తెలుసు?" అంటూ బండి స్టార్టు సేసేడు.